లింగంపల్లి నుంచి ట్రామ్ వేస్తే ఏ దారిన వేయాలి

పొద్దున తొమ్మిదింటికి లింగంపల్లి రైల్వే స్టేషన్ బయట ఒక పావుగంట నిలబడితే చాలు, హైదరాబాద్ పడమటి శివారుకి ఏం తక్కువైందో ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. ఎంఎంటీఎస్ లోకల్ రైలు వచ్చి ఆగుతుంది, జనం ఒక్కసారిగా బయటపడతారు, వాళ్లు రోడ్డు మీదకి రాకముందే షేర్ ఆటోల కేకలు మొదలవుతాయి. గచ్చిబౌలి, గచ్చిబౌలి. విప్రో, విప్రో. వెనక నలుగురు, డ్రైవర్‌కి అటొకరు ఇటొకరు ఎక్కితే గానీ బండి కదలదు. ల్యాప్‌టాప్ బ్యాగు ఒళ్లో పెట్టుకుని ఒక కాలు బయటికి చాపి కూర్చున్న కుర్రాడు, వాడి పక్కనే టిఫిన్ డబ్బా పట్టుకుని ఏదో ఆఫీసులో హౌస్‌కీపింగ్ పనికి పోతున్న ఆవిడ, ఇద్దరిదీ ఒకటే దారి. సికింద్రాబాద్ నుంచి ఇక్కడిదాకా గంటలోపే వచ్చేసిన మనిషికి, ఇక్కణ్నించి ఆ మిగతా పది కిలోమీటర్లకే ఇంకో గంట పట్టే రోజులు ఉంటాయి. వాన పడితే ఇక చెప్పనే అక్కర్లేదు.

ఆ పది కిలోమీటర్లకి ట్రామ్ వేస్తే ఎలా ఉంటుంది, వేస్తే ఏ రోడ్డు మీద వేయాలి అన్నదే ఇక్కడ విషయం. ఇది ఏ డీపీఆర్‌లోదీ, అంటే అధికారిక ప్రాజెక్టు నివేదికలోదీ కాదు. మ్యాపు ముందు పెట్టుకుని గీసిన మూడు దారులు, అంతే. కానీ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, మన దగ్గర రవాణా గీతలు ఎక్కడ తప్పు దారి పడతాయో కూడా కొంత కనిపిస్తుంది.

ముందు ట్రామే ఎందుకు, మెట్రో రాబోతోంది కదా అన్న ప్రశ్న ఉంది. రాష్ట్ర ప్రభుత్వం 2024లో కేంద్రానికి పంపిన మెట్రో రెండో దశలో ఐదు కారిడార్లు ఉన్నాయి, మొత్తం 76.4 కిలోమీటర్లు, అంచనా 24,269 కోట్లు. అందులో పడమటి వైపు వచ్చేవి రెండు. మియాపూర్ నుంచి పటాన్‌చెరు దాకా 13.4 కిలోమీటర్లు ముంబై హైవే మీద, రాయదుర్గం నుంచి కోకాపేట నియోపొలిస్ దాకా 11.6 కిలోమీటర్లు బయోడైవర్సిటీ, నానక్‌రామ్‌గూడ, విప్రో సర్కిల్ మీదుగా. ఈ రెండు గీతల మధ్య చూస్తే లింగంపల్లి, నల్లగండ్ల, తెల్లాపూర్, గోపన్‌పల్లి, గౌలిదొడ్డి మొత్తం ఖాళీగా మిగిలిపోతాయి. పైన ఒక గీత, కింద ఒక గీత, రెంటినీ నిలువుగా కలిపే గీత లేదు. మధ్యలో ఉన్న ఎంఎంటీఎస్ లింగంపల్లి దాకా తీసుకొచ్చి దింపేస్తుంది.

ఆ నిలువు గీతకి కూడా మెట్రోయే కావాలంటే డబ్బు చాలదు. 24,269 కోట్లని 76.4తో భాగిస్తే కిలోమీటరుకి దాదాపు 318 కోట్లు. కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ 2019లో మెట్రోలైట్ పేరుతో ప్రమాణాలు ఇచ్చింది, నేల మీద నడిచే చిన్న రైలు, అసలు విషయానికొస్తే ట్రామే అది. మామూలు మెట్రో ఖర్చులో సుమారు 40 శాతంతో అయిపోతుందని అప్పటి లెక్క. మూడు పెట్టెల బండి, ఒక్కో ట్రిప్పుకి సుమారు 300 మంది. ఐదు నిమిషాలకొకటి నడిపితే గంటకి 12 బళ్లు, అంటే ఒక వైపు 3,600 మంది. బస్సుకి 70 మందిని వేసుకున్నా అదే జనానికి గంటకి యాభైకి పైగా బస్సులు కావాలి, దాదాపు నిమిషానికో బస్సు. లింగంపల్లి ముందున్న రోడ్డు మీద నిమిషానికో బస్సు ఎక్కడ ఆగుతుంది, ఎక్కడ తిరుగుతుంది?

ఖర్చు కంటే ముఖ్యమైన తేడా ఇంకోటి ఉంది. మెట్రో ఎక్కాలంటే రోడ్డు మీద నుంచి రెండంతస్తుల పైకి పోవాలి, బ్యాగు స్కానింగు, గేటు, మళ్లీ మెట్లు, దిగాక మళ్లీ ఇదంతా తిరగేసి. ఇరవై కిలోమీటర్లు పోయేవాళ్లకి ఆ పది నిమిషాలు లెక్కలోకి రావు. నాలుగు కిలోమీటర్లు పోయే మనిషికి ప్రయాణం కంటే ఎక్కడం దిగడమే ఎక్కువైపోతుంది. లోఫ్లోర్ ట్రామ్‌లో అయితే ఫుట్‌పాత్ ఎత్తు నుంచి నేరుగా లోపలికి అడుగు. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడకి, చంటిపిల్లని ఎత్తుకున్న తల్లికి, వీల్‌చెయిర్‌లో ఉన్న మనిషికి ఈ ఒక్క అడుగు తేడా చాలా పెద్దది. శివారులో చిన్న చిన్న దూరాలకి ట్రామ్ సరిపోతుందనడానికి అసలు కారణం ఇదే.

ఇక దారుల సంగతి. ఎవర్ని అడిగినా మొదట చెప్పేది పాత ముంబై రోడ్డే. లింగంపల్లి, యూనివర్సిటీ మెయిన్ గేటు, గచ్చిబౌలి, అక్కణ్నించి ఐటీ ఆఫీసులుండే ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, కోకాపేట. జనం ఇప్పటికే ఆ రోడ్డు మీదే ఉన్నారు, ఆర్టీసీ బస్సులన్నీ అటే, హాస్పిటళ్లు అటే, స్టేడియం అటే. కాబట్టి అదే సరైన దారి అనిపించడం సహజం. కానీ ఒక్కో కిలోమీటరూ నడిచి చూస్తే చిక్కులు ఒకదాని వెనక ఒకటి వస్తాయి.

మొదటిది మొదట్లోనే, లింగంపల్లి రైల్వే అండర్‌బ్రిడ్జి. గట్టి వాన ఒకటి పడితే దాని కింద నీళ్లు నిలబడటం ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్లందరికీ అలవాటైపోయిన విషయం, బైకులు తోసుకుంటూ వచ్చేవాళ్లని, మధ్యలో ఆగిపోయిన కారుని చూడని వానాకాలం లేదు. రోడ్డు మునిగితే బస్సు వేరే దారి పట్టొచ్చు, ట్రామ్‌కి ఆ వీలు లేదు. పైగా ట్రామ్‌కి పైన కరెంటు తీగ ఉంటుంది, మామూలుగా అది నేలకి ఐదున్నర, ఆరు మీటర్ల ఎత్తులో నడుస్తుంది, పైన రైలు పట్టాలున్న వంతెన కింద ఆ ఎత్తు దొరకాలంటే కింద రోడ్డు ఇంకా తవ్వాలి. తవ్వితే నీళ్లు ఇంకా ఎక్కువ నిలబడతాయి.

రెండోది పెద్దగా ఎవరూ మాట్లాడని విషయం. అండర్‌బ్రిడ్జి దాటాక చాలా దూరం రోడ్డుకి ఒక పక్క మొత్తం హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ గోడే. క్యాంపస్ చాలా పెద్దది, అది అలాగే పచ్చగా ఉండాలి, ఉండి తీరాలి. అయితే ట్రామ్ లెక్కలో గోడ అంటే అటువైపు ఇళ్లు లేవని అర్థం. ట్రామ్ స్టాప్ చుట్టూ అర కిలోమీటరు లోపల, అంటే ఆరేడు నిమిషాలు నడిచి రాగలిగేంత దూరంలో ఎంతమంది ఉన్నారన్న దాని మీదే లైను బతుకు ఆధారపడి ఉంటుంది. ఒక పక్క గోడ అయితే ఆ లెక్క సగానికి పడిపోతుంది. మెయిన్ గేటు దగ్గర ఒక స్టాప్‌కి విద్యార్థులు బాగానే వస్తారు, కానీ ఒక్క గేటు కోసం కిలోమీటర్ల కొద్దీ గోడ వెంట పట్టాలు వేయడం కుదరదు.

మూడోది గచ్చిబౌలి జంక్షన్. అక్కడ ఒక ఫ్లైఓవర్ మీద ఇంకో ఫ్లైఓవర్, 2025లో కొండాపూర్ వైపు తెరిచిన పీజేఆర్ ఫ్లైఓవర్‌తో కలిపి ఆకాశం నిండిపోయింది. కింద నేల మీద మిగిలినవి స్తంభాలు, యూటర్న్‌లు, ర్యాంపులు. ఆ స్తంభాల మధ్య నుంచి రెండు పట్టాల దారి తీయడం కాగితం మీద కుదిరినా, ఎన్ని వైపుల నుంచి వచ్చే బళ్లని ఆపి ట్రామ్‌ని పంపాలో ఆలోచిస్తేనే టెన్షన్ వస్తుంది. ఒక లెక్క చూద్దాం. దారిలో ఇరవై చోట్ల సిగ్నళ్లు, క్రాసింగులు ఉండి ఒక్కో చోట సగటున 45 సెకన్లు ఆగినా 15 నిమిషాలు అక్కడే పోతాయి. గచ్చిబౌలిలో 45 సెకన్లతో బయటపడిన రోజు ఎవరికైనా గుర్తుందా?

నాలుగోది, గచ్చిబౌలి దాటాక నానక్‌రామ్‌గూడ దగ్గర ఈ ట్రామ్ వెళ్లి మెట్రో రెండో దశ గీత మీదే పడుతుంది. అక్కణ్నించి కోకాపేట దాకా పైన మెట్రో, కింద ట్రామ్, ఒకే జనం కోసం రెండు లైన్లు. ఉన్న డబ్బే తక్కువ, దాంతో ఒకే చోట రెండు వేసుకోవడం తప్పు.

దీనికి పూర్తిగా ఎదురు స్వభావం ఉన్నది రెండో దారి. లింగంపల్లి నుంచి తెల్లాపూర్, కొల్లూరు, అక్కణ్నించి ఔటర్ రింగ్ రోడ్డు పక్కనే కోకాపేట, నార్సింగి. ఇంజినీర్లకి ఇది ఇష్టమైన దారి అవుతుంది, ఎందుకంటే అడ్డం ఏమీ లేదు. 158 కిలోమీటర్ల ఓఆర్ఆర్ పక్కన సర్వీసు రోడ్లూ, మార్జిన్లూ కలిపి చోటు కనిపిస్తుంది, ఇళ్లు కూల్చక్కర్లేదు, దుకాణాల వాళ్లతో గొడవ లేదు, బండి గంటకి అరవై కిలోమీటర్ల వేగంతో పోవచ్చు. అయితే ఆ చోటు కూడా మరీ ఖాళీ ఏం కాదు. 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్‌లో నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఉన్న 14.5 కిలోమీటర్ల భాగం సరిగ్గా ఇక్కడే ఉంది, పట్టాలు దాని పక్కన సర్దుకోవాలి.

అసలు ఇబ్బంది అది కూడా కాదు. మధ్యలో ఎనిమిది లేన్ల ఎక్స్‌ప్రెస్‌వే ఉంది. ట్రామ్ ఒక పక్కన వేస్తే రెండో పక్క ఉన్నవాళ్లు అండర్‌పాస్ వెతుక్కుని రావాలి, అది ఎంత దూరంలో ఉంటే అంత. స్టాప్‌లు పెట్టగలిగేది ఇంటర్‌చేంజ్‌ల దగ్గర, అక్కడ ఉండేది ర్యాంపులూ గడ్డీ తప్ప మనుషులు కాదు. మే నెల మధ్యాహ్నం ఓఆర్ఆర్ సర్వీసు రోడ్డు మీద పది నిమిషాలు నడవమంటే ఎవరు నడుస్తారు? నీడకి ఒక చెట్టు ఉండదు, చిల్లర కొట్టు ఉండదు, సాయంత్రం చీకటి పడ్డాక ఆడపిల్లలు ఒంటరిగా దిగాలంటే భయపడతారు. భూమి సులువుగా దొరికే చోట మనుషులు ఉండరు కాబట్టే అక్కడ భూమి సులువుగా దొరుకుతుంది.

ఈ దారి వైపు మాట్లాడే రెండు బలమైన వాదనలు ఉన్నాయి, వాటిని దాటేసి పోకూడదు. ఒకటి కోకాపేట భూముల విలువ. 2023 వేలంలో నియోపొలిస్‌లో ఎకరం వంద కోట్లు దాటింది. లైను వల్ల పెరిగే ఆ విలువలో కొంత వెనక్కి రాబట్టి లైనుకే పెట్టొచ్చని వాదన, అందులో తప్పేమీ లేదు. కానీ డబ్బు ఎక్కణ్నించి రావాలన్నది వేరు, పట్టాలు ఎక్కడ పడాలన్నది వేరు. యాభై అంతస్తుల టవర్లలో ఫ్లాటుకి రెండు కార్ల పార్కింగుతో ఉండేవాళ్లు ట్రామ్‌కి మొదటి ప్రయాణికులు కారు. రెండోది కొల్లూరులో ప్రభుత్వం పేదలకి కట్టిన డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు, ఇది మాత్రం గట్టి వాదన. 2023 జూన్‌లో ప్రారంభమైన ఆ కాలనీలో 15,660 ఇళ్లు ఉన్నాయి. నగరం లోపలి బస్తీల్లో పనికి దగ్గరగా బతికిన కుటుంబాలని అంత దూరంలో ఇల్లు ఇచ్చి కూర్చోబెట్టాం, వాళ్లకి బండి చూపించాల్సిన బాధ్యత ఉంది. దీని దగ్గరికి చివర్లో మళ్లీ వద్దాం.

మూడో దారి, లింగంపల్లి నుంచి నల్లగండ్ల, గోపన్‌పల్లి, గౌలిదొడ్డి మీదుగా విప్రో సర్కిల్. దీన్ని చాలామంది రోడ్డుగా కూడా లెక్కపెట్టరు, గచ్చిబౌలి ట్రాఫిక్ తప్పించుకునే అడ్డదారి అనుకుంటారు. కానీ నల్లగండ్లలో గత పదిహేనేళ్లలో లేచిన అపార్ట్‌మెంట్లు, గోపన్‌పల్లి, గౌలిదొడ్డిల్లో పక్కపక్కనే కట్టిన హాస్టళ్లు, ఆ హాస్టళ్లలో ఉంటూ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో పని చేసే వేలమంది కుర్రాళ్లు, అమ్మాయిలు, వాళ్లకి వండిపెట్టేవాళ్లు, ఊడ్చేవాళ్లు, సెక్యూరిటీ గార్డులు, అందరూ ఈ రోడ్డుకి నడిచొచ్చే దూరంలోనే ఉన్నారు. కొంత దూరం యూనివర్సిటీ గోడ ఈ దారికీ తగులుతుంది, నిజమే, కానీ మిగతా చోట రెండు పక్కలా ఇళ్లే. గచ్చిబౌలి లాంటి జంక్షన్ ఒక్కటి కూడా లేదు. గోపన్‌పల్లి తండా దగ్గర 2024లో ఫ్లైఓవర్ తెరవడంతో కార్ల రద్దీ కొంత పైకి పోయింది.

అన్నిటికంటే ముఖ్యంగా దీని రెండు కొసలూ సరైన చోట పడతాయి. ఒక కొస ఎంఎంటీఎస్ దగ్గర, ఇంకో కొస విప్రో సర్కిల్లో మెట్రో రెండో దశ లైను దగ్గర. కోకాపేట దాకా లాగక్కర్లేదు, ఆ ముక్క మెట్రో చూసుకుంటుంది. ఒకవేళ మెట్రో ఆలస్యమైనా నష్టం లేదు, ఎందుకంటే లింగంపల్లిలో ఆటో ఎక్కే జనంలో చాలామంది దిగేది విప్రో సర్కిల్ చుట్టుపక్కలే. తర్వాత పటాన్‌చెరు మెట్రో వచ్చినప్పుడు ఉత్తరం వైపు బీహెచ్ఈఎల్ చౌరస్తా దాకా పొడిగిస్తే, రెండు మెట్రో లైన్లూ ఒక రైలు లైనూ ఒకే ట్రామ్ మీద కలుస్తాయి. అప్పుడు రైలు పట్టాలు దాటే సమస్య వస్తుంది, కొత్త వంతెన కట్టాలి. మొదటి విడతలో దాని జోలికి పోకుండా స్టేషన్‌కి నల్లగండ్ల వైపునే స్టాప్ పెట్టి, ప్లాట్‌ఫామ్ నుంచి ఫుట్ ఓవర్‌బ్రిడ్జితో నేరుగా కలిపేస్తే సరిపోతుంది. రైలు దిగినవాళ్లు రోడ్డు మొహం చూడకుండా ట్రామ్ ఎక్కాలి. మన దగ్గర రెండు రవాణా లైన్లు కలిసే చోటల్లా మధ్యలో మూడు వందల మీటర్ల ఎండో, బురదో ఉంటుంది, జనం సొంత బండి కొనుక్కునేది అక్కడే.

ఈ దారికి ఉన్న పెద్ద లోపం వెడల్పు. రెండు పట్టాలకి, అంటే పోయే లైను ఒకటి, వచ్చే లైను ఒకటి, ఏడు మీటర్లన్నా కావాలి, అంటే రోడ్డులో రెండు లేన్లు పోయినట్టే. నల్లగండ్లలో అది దొరుకుతుంది. పాత ఊళ్ల మధ్యలో, గోపన్‌పల్లి, గౌలిదొడ్డి దగ్గర, రోడ్డు ఇరుకైపోతుంది, కిరాణా కొట్లు, మెస్సులు, హాస్టల్ మెట్లు రోడ్డు అంచుదాకా వచ్చేసి ఉంటాయి. వాటిని కూలగొట్టడమే దారి అనుకోనక్కర్లేదు. ట్రామ్‌కి ఉన్న సౌలభ్యం ఏమిటంటే ఇరుకు చోట రెండు వైపులకీ కలిపి ఒక్క పట్టాతో కూడా నడుస్తుంది. 400 మీటర్ల ముక్కని ఒక్క పట్టాగా పెట్టి గంటకి 15 కిలోమీటర్ల వేగంతో నడిపితే దాటడానికి 96 సెకన్లు. ఐదు నిమిషాల్లో అటొక బండి, ఇటొక బండి దాటాలి, రెండూ కలిపి 192 సెకన్లు, చేతిలో ఉన్నది 300. కుదురుతుంది, కానీ ఒక బండి రెండు నిమిషాలు లేటైతే ఎదురు బండి కూడా లేటవుతుంది. మూడు నిమిషాలకొక ట్రామ్ కావాల్సిన రోజు వస్తే ఈ ఏర్పాటు చాలదు. పదేళ్లకో పదిహేనేళ్లకో వచ్చే ఆ రోజు కోసం ఇప్పుడే ఊరు కూల్చడం కంటే, కొత్తగా కట్టే బిల్డింగులని అప్పటి వెడల్పుకి వెనక్కి జరిపి కట్టమని ఇప్పటి నుంచే నిబంధన పెట్టడం మేలు.

ఏ దారి పట్టినా ఒక విషయంలో మాత్రం రాజీ పడకూడదు. పట్టాల మీదకి కార్లూ బైకులూ రాకూడదు. కోల్‌కతాలో 1873లో గుర్రపు ట్రామ్, 1902లో కరెంటు ట్రామ్ వచ్చాయి, దేశంలో మిగతా నగరాలన్నీ వదిలేసినా అక్కడే నిలబడింది. చెన్నైలో 1953లో, ముంబైలో 1964లో ఆగిపోయాయి. కోల్‌కతా ట్రామ్ నెమ్మదించింది బండి పాతదవడం వల్లే కాదు, విడిగా ఉన్న పట్టాల దారిని చాలా చోట్ల రోడ్డులో కలిపేయడం వల్ల. కారు వెనక కారు, దాని వెనక ట్రామ్, తర్వాత ట్రామ్ వల్లే ట్రాఫిక్ అన్న నింద. ఢిల్లీలో 2008లో మొదలైన, బస్సులకే విడిగా లేను ఇచ్చిన 5.8 కిలోమీటర్ల బీఆర్టీ కారిడార్‌ని 2016లో తీసేశారు, బస్సులకి ఇచ్చిన లేను కార్లవాళ్లకి కంటగింపు అయింది. లేను ఇవ్వడానికి ముందు నుంచే సిద్ధంగా లేకపోతే ట్రామ్ వేయకపోవడమే మంచిది, ఆ డబ్బుతో బస్సులు కొంటే వాటిని రేపు ఇంకో రూటుకైనా తిప్పుకోవచ్చు.

తీగల సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. వినాయక చవితి నిమజ్జనం రోజుల్లో ఈ ఊళ్ల నుంచి పెద్ద పెద్ద విగ్రహాలు ట్రాక్టర్ల మీద చెరువుకి వెళ్తాయి, దారిలో కరెంటు తీగలని కర్రలతో పైకి ఎత్తి పట్టుకునే కుర్రాళ్లని ప్రతి ఏడాదీ చూస్తూనే ఉంటాం. ట్రామ్ తీగలో ఉండేది 750 వోల్టులు, దాన్ని కర్రతో ఎత్తడం ప్రాణాలతో చెలగాటం. చైనాలోని గ్వాంగ్‌జౌలో 2014 చివర్లో మొదలైన ట్రామ్‌కి స్టాపుల మధ్య తీగలే లేవు, స్టాప్‌లో ఆగినప్పుడు సూపర్‌కెపాసిటర్, అంటే త్వరగా కరెంటు నింపుకునే బ్యాటరీ లాంటిది, ఛార్జి చేసుకుని తర్వాతి స్టాప్ దాకా పోతుంది. మొత్తం దారికి అలా పెట్టకపోయినా, గోపన్‌పల్లి లాంటి ఊరి మధ్య ముక్కకీ, చెరువు దారి దాటే చోటకీ తీగ లేని బండి కొనడం ఖర్చుతో కూడుకున్నదైనా అవసరం.

ఇక కొల్లూరు. ఓఆర్ఆర్ దారి వద్దంటే ఆ 15,660 ఇళ్లని వదిలేసినట్టు కాదు, కాకూడదు. ఆ కుటుంబాలకి ట్రామ్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే ఓపిక ఉండదు, ఉండాలని అడిగే హక్కు కూడా ఎవరికీ లేదు. కొల్లూరు నుంచి తెల్లాపూర్ మీదుగా లింగంపల్లి స్టేషన్‌కి పది నిమిషాలకొక బస్సు, తెల్లవారుజామున పనికి పోయేవాళ్లు మొదలుకుని రాత్రి పదకొండింటికి తిరిగొచ్చేవాళ్ల దాకా అందేలా, ట్రామ్‌తో సంబంధం లేకుండా ముందే నడపాలి. ఆ బస్సులు నిండుతుంటే అప్పుడు నల్లగండ్ల నుంచి తెల్లాపూర్, కొల్లూరు వైపు ఒక కొమ్మ వేయొచ్చు. అందుకని మెయిన్ లైను వేసేటప్పుడే నల్లగండ్ల దగ్గర తెల్లాపూర్ రోడ్డు వైపు మళ్లే పాయింట్లు, అంటే బండిని వేరే పట్టా మీదకి మళ్లించే ఏర్పాటు కూడా కాంక్రీటులో కూర్చోబెట్టి వదలాలి. తర్వాత పెట్టుకుందాంలే అనుకుంటే నడుస్తున్న లైనుని ఆపి రోడ్డు మళ్లీ తవ్వాలి, నీళ్ల పైపులు, డ్రైనేజీ, కేబుళ్లు మళ్లీ జరపాలి, ఆ గొడవకి జడిసి కొల్లూరు వైపు కొమ్మ ఎప్పటికీ కాగితం మీదే ఉండిపోతుంది.